మావాడికి వాళ్ల నాన్న గొంతు వినబడేది

ఇది రాస్తానంటే మావాడు రెండు షరతులు పెట్టాడు. తన పేరు, ఊరి పేరు ఉండకూడదు. సినిమా కథలా రాయకూడదు. రాసిందంతా చదివి రెండు పేరాలు కొట్టేయించాడు కూడా. మిగిలింది ఇది.

మావాడంటే మా అన్నయ్య కొడుకు. మాది గుంటూరు జిల్లా. వాడు తొమ్మిదో తరగతిలో ఉండగా సంక్రాంతి బట్టలు కొనడానికి తండ్రీకొడుకులు బండి మీద విజయవాడ వెళ్లారు. తిరిగొచ్చేటప్పుడు బాగా రాత్రయింది. హైవే మీద లైట్లు లేకుండా ఆపి ఉంచిన లారీని వెనక నుంచి గుద్దుకున్నారు. అన్నయ్య అక్కడే పోయాడు. వీడికి చెయ్యి విరిగింది. 108 వచ్చేదాకా రోడ్డు మీద తండ్రి పక్కనే కూర్చుని ఉన్నాడు. ఆ కాసేపట్లో ఏం జరిగిందన్నది వాడు కొట్టేయించిన పేరాల్లో ఒకటి. కాబట్టి అది ఉండదు.

కట్టు కట్టిన చేత్తోనే కర్మ చేశాడు. పెద్దకర్మ నాడు వచ్చిన చుట్టాలు "ఎంత గుండె నిబ్బరంగా ఉన్నాడో చూడండి, ఇక ఇంటికి మగదిక్కు వీడే" అని వాడి ముందే అన్నారు. పద్నాలుగేళ్ల పిల్లాడు ఏడవకపోతే మనవాళ్లు మెచ్చుకుంటారు. ఎందుకు ఏడవడం లేదని అడిగినవాళ్లు లేరు.

తర్వాత కొన్ని నెలలు మాకు కనబడినదంతా దుఃఖం కిందే లెక్కేశాం. నిద్రలో ఉలిక్కిపడి లేచి కూర్చునేవాడు. బండెక్కమంటే ఎక్కడు, స్కూలుకి నడిచే వెళ్లేవాడు. డీజిల్ వాసన తగిలితే వాంతి చేసుకునేవాడు. వీధిలో లారీ హారన్ మోగితే కంచం ముందు నుంచి లేచిపోయి లోపల తలుపేసుకునేవాడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని పిల్లాడు చెల్లెలి మీద చెయ్యి చేసుకున్నాడు. మార్కులు పడిపోయాయి. పండక్కని కొన్న కొత్త బూట్లు పెట్టె విప్పకుండా బీరువా వెనక్కి తోసేశాడు. ఆ బూట్ల సంగతి ఎంత ముఖ్యమో చాలా రోజులకి గానీ తెలియలేదు.

గొంతు సంగతి ముందు మా అమ్మకి తెలిసింది. బాత్రూంలో కొళాయి తిప్పి ఉంచి లోపల ఎవరితోనో మాట్లాడుతున్నాడట. "వస్తున్నా నాన్నా." "నేనేం చేశాను నాన్నా." బయటికొచ్చాక అడిగితే దాచకుండా చెప్పేశాడు. నాన్న పిలుస్తున్నాడు, చీకటి పడేవేళ, పెరటి వైపు నుంచి. ఒక్కోసారి మెట్ల దగ్గర హెల్మెట్ పెట్టుకుని నిలబడి ఉంటాడు. ముఖం కనబడదు.

మా అమ్మ భయపడలేదు. అసలు చిక్కు అక్కడే వచ్చింది. ఆవిడకి పోయిన కొడుకు ఇంటికొచ్చినట్టే అయింది. సాయంత్రం కాగానే మనవడి పక్కన చేరేది. "నాన్న అన్నం తిన్నాడేమో అడుగు." "అక్కడ చలిగా ఉందేమో అడుగు." వాడు కాసేపు చెవొగ్గి, తిన్నాడంట నాయనమ్మా అనేవాడు. ఆవిడ కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లి దీపం పెట్టేది. వదిన మాత్రం వణికిపోయింది. భర్త ప్రేతమై తిరుగుతున్నాడని, పిల్లాణ్ని కూడా తీసుకుపోతాడని ఆమె భయం. ఒకే ఇంట్లో ఒకరు ఆ గొంతుని ఉండమని బతిమాలుతున్నారు, ఇంకొకరు పొమ్మని దిష్టి తీస్తున్నారు. మధ్యలో వాడు.

నా సంగతీ చెప్పాలి. ఆ గొంతు మా అన్నయ్యది. నాకూ ఒక ప్రశ్న అడగాలని ఉండేది. అడగలేదు. అదేమిటో ఇక్కడ రాయను.

గాలి సోకిందని వీధిలో అనుకున్నారు. తాయెత్తు కట్టించారు, నిమ్మకాయలు కోయించారు. బంధువులెవరో చెబితే ఒక ఊళ్లో ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన పిల్లాణ్ని మండలం రోజులు తన దగ్గరే వదిలెయ్యాలన్నాడు. 2001లో తమిళనాడులోని ఏర్వాడిలో, నయమవుతుందని దర్గా దగ్గర వదిలేస్తే గొలుసులతో కట్టేసి ఉంచిన మానసిక రోగులు పాక అంటుకుని తప్పించుకోలేకపోయారు. 28 మంది పోయారు. ఆ వార్త నాకు బాగా గుర్తుంది. లేదండీ అని దణ్ణం పెట్టి వాణ్ని వెనక్కి తీసుకొచ్చేశాను.

తర్వాత ఒక ప్రైవేటు ఆసుపత్రి. అక్కడ డాక్టరు గారు గొంతులు వినబడుతున్నాయా అని అడిగి, అవునంటే స్కిజోఫ్రీనియా, అంటే లేని గొంతులు, భ్రమలు ఉండే తీవ్రమైన మానసిక జబ్బు అని రాసి, జీవితాంతం మందులు వాడాలని చెప్పి పంపారు. యాక్సిడెంటు మాట అడగలేదు, మేం చెప్పబోతే వినే టైము లేదు. వదిన దారి పొడుగునా ఏడుస్తూనే ఉంది. వాడు ఆటోలో ఆ చీటీ మడతపెట్టి, మళ్లీ విప్పి, "బాబాయ్, నాకు పిచ్చా?" అన్నాడు.

మా షాపుకొచ్చే ఒక ఆశా వర్కర్ 14416 నంబరు ఇచ్చింది. టెలి మానస్ అంటారు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఎప్పుడు చేసినా పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. నేనే చేశాను. అవతల అమ్మాయి మొదట అడిగింది గొంతు ఎవరిదని కాదు, ఆ గొంతు చచ్చిపొమ్మని గానీ ఎవరినైనా కొట్టమని గానీ చెబుతోందా అని. లేదన్నాను. ఎప్పుడైనా అలా చెబితే అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలంది. మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి ఏ రోజు వెళ్లాలో, ఏయే కాగితాలు పట్టుకెళ్లాలో చెప్పింది. యాక్సిడెంటు నాటి డిశ్చార్జి సమ్మరీ తప్పకుండా తీసుకెళ్లమంది. ఆ ఒక్క కాగితం తర్వాత చాలా పనికొచ్చింది, తలకి దెబ్బ తగిలిందా లేదా అన్నది అందులోనే ఉంది.

ఓపీలో రద్దీ సంగతి తెలిసిందే. అయినా ఆ డాక్టరమ్మ వాడితో విడిగా, మాతో విడిగా మాట్లాడింది. జ్వరాలు, ఫిట్సు వచ్చాయా, గంజాయి అలవాటుందా, గొంతు నిద్రపట్టేముందా పూర్తి మెలకువలోనా, వాసనలు కూడా వస్తాయా అని వరసగా అడిగింది. ఈఈజీ, అంటే మెదడులో కరెంటు తరంగాలు చూసే పరీక్ష తీయించింది, ఎందుకంటే మెదడులో ఒక రకం మూర్ఛ ఉంటే కూడా ఇలా వినబడటం, వాసనలు రావడం ఉంటుందట. థైరాయిడ్, బీ12 పరీక్షలు కూడా రాసింది. అవన్నీ బాగానే ఉన్నాయి.

తర్వాత కూర్చోబెట్టి చెప్పింది. ఇది పీటీఎస్‌డీ, అంటే పెద్ద ప్రమాదాన్ని కళ్లారా చూసిన మనసు అక్కడే ఇరుక్కుపోవడం. అలాంటివాళ్లలో కొందరికి గొంతులు వినబడతాయి, మనుషులు కనబడతారు. వీడి గొంతు చెప్పేదంతా ఆ రాత్రి చుట్టూనే తిరుగుతోంది, మాట్లాడేది పొంతనగా ఉంది, ఇతరులకి అది వినబడదని వీడికి తెలుసు. అందుకని ప్రస్తుతానికి ఇలా అనుకుంటున్నాం, కొన్ని నెలలు గమనించాక గానీ ఇంకే పేరూ ఖాయం చెయ్యం అంది. నాకు ఆ 'ప్రస్తుతానికి' అన్న మాట మీదే నమ్మకం కుదిరింది. గంటలో తేల్చేసినవాళ్ల కంటే ఆగి చూస్తామన్నవాళ్లే నయమనిపించింది.

మా అమ్మని కూడా తీసుకురమ్మంది. ఆవిడొచ్చి, మా అబ్బాయి మనవడితో మాట్లాడుతున్నాడు, అది రోగమంటారేంటి అని దబాయించింది. డాక్టరమ్మ కాదనలేదు. "అమ్మా, మీ వారు పోయాక మీకెప్పుడైనా వినబడ్డారా?" అని అడిగింది. మా అమ్మ కాసేపు ఊరుకుని, చాలా ఏళ్లు తెల్లవారుజామున నాన్న దగ్గు వినబడేదని చెప్పింది. నా జన్మలో ఆ మాట నేను వినలేదు. అది జబ్బు కాదని డాక్టరమ్మ చెప్పింది. పోయినవాళ్లు పక్కనున్నట్టు, పిలిచినట్టు అనిపించడం చాలామందికి ఉంటుందట. తర్వాత నేను చదివితే, వేల్స్‌లో డెవీ రీస్ అనే డాక్టరు 1971లో అచ్చువేసిన పరిశోధన కోసం భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందిని కలిసి అడిగితే దాదాపు సగం మంది అలాంటిదేదో ఉందని చెప్పారని, వాళ్లలో చాలామంది అంతకుముందు ఎవరికీ చెప్పుకోలేదని తెలిసింది.

"మరి వాడికైతే జబ్బెందుకు?" అంది మా అమ్మ. "మీకు దగ్గు వినబడితే భయమేసేదా?" "లేదు, తోడున్నట్టుండేది." "వాడికి వినబడేది ఏమంటుందో అడిగారా?" అడిగాం కదా, అన్నం తిన్నాడంటున్నాడు అంది మా అమ్మ. అప్పుడు తెలిసింది, వాడు అప్పటికే డాక్టరమ్మకి చెప్పేశాడు. నాన్న అన్నం గురించి ఎప్పుడూ ఏమీ అనలేదు. ఆ జవాబులన్నీ నాయనమ్మ ఏడవకుండా వాడు కల్పించి చెప్పినవి. గొంతు నిజంగా అనేది ఒకటే: "నువ్వు లేటు చేశావురా." ఆ రాత్రి ఇంటికి బయల్దేరబోతూ ఇంకో షాపులో బూట్లు చూద్దామని పట్టుబట్టింది వీడే.

మేమంతా కలిసి వాణ్ని పోయినాయనకీ బతికున్నవాళ్లకీ మధ్య పోస్ట్‌మ్యాన్‌ని చేశాం. వచ్చిన ఉత్తరాల్లో ఏముందో వాడొక్కడే చదివేవాడు. మా అమ్మ ఆ రోజు నుంచి అడగడం మానేసింది. మానేయడం ఆవిడకి తేలిక్కాలేదు, సాయంత్రాలు గుడికి వెళ్లడం మొదలుపెట్టింది, ఇంట్లో ఉంటే అడిగేస్తానని. తాయెత్తు మాత్రం తీయనివ్వలేదు. ఉంచండి, కాకపోతే మాత్ర ఆపకండి అంది డాక్టరమ్మ. అక్కడితో ఆ గొడవ తీరిపోయింది.

ఇక ఇంట్లో ఎలా ఉండాలన్నది మాకు నేర్పింది సైకాలజిస్టు సార్. క్లినికల్ సైకాలజిస్టుకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి, వెళ్లేముందు అది అడగండి. కౌన్సెలింగ్ బోర్డులు వీధికొకటి కనబడుతున్న రోజులివి. మాకు దొరికినాయన విజయవాడలో. కొన్నిసార్లు వెళ్లేవాళ్లం, కుదరనప్పుడు వీడియో కాల్.

గొంతు వచ్చినప్పుడు "ఏం లేదు, ఊరుకో" అనకూడదన్నారు. వాడికి ఉంది. అది లేదంటే ఇంకోసారి మనకి చెప్పడు. "ఏమంటున్నాడు?" అని కుతూహలంగా కూడా అడగకూడదు. నేను అనాల్సిన మాట ఇది: "నాకు వినబడటం లేదురా. నీకు వినబడుతోందని నమ్ముతున్నాను. భయంగా ఉందా? నేనిక్కడే ఉన్నా." మొదట్లో ఈ నాలుగు ముక్కలు బట్టీపట్టినట్టు అప్పజెప్పేవాణ్ని. వాడికి నవ్వొచ్చేది. నవ్వినా పనిచేసింది. తర్వాత వాణ్ని ఈ గదిలోకి, ఈ క్షణంలోకి తీసుకురావాలి. కనబడే వస్తువులు అయిదు చెప్పు, ముట్టుకోగలిగేవి నాలుగు, వినబడే చప్పుళ్లు మూడు, వాసనలు రెండు, రుచి ఒకటి. మావాడు దీన్ని తనకి తగ్గట్టు మార్చుకున్నాడు. వాసనల దగ్గరికొచ్చేసరికి వంటింట్లోకి వెళ్లి ఇంగువ డబ్బా మూత తీసేవాడు. డీజిల్ వాసనకి ఇంగువని మించిన విరుగుడు లేదని వాడి అభిప్రాయం.

స్కూల్లోనో బస్టాండులోనో వస్తే ఫోను చెవి దగ్గర పెట్టుకుని "ఇప్పుడు కాదు నాన్నా, రాత్రి ఏడింటికి" అనమన్నారు. చూసేవాళ్లకి ఫోను మాట్లాడుతున్నట్టే ఉంటుంది. ఏడింటికి పది నిమిషాలు కూర్చుని నోటుబుక్కులో రాయాలి: ఎప్పుడొచ్చింది, అప్పుడు ఎక్కడున్నాను, ఏం చేస్తున్నాను, భయం పదికి ఎంత. గొంతు ఎన్నిసార్లొచ్చిందన్నది కాదు, ఆ భయం అంకె చూడమన్నారు. బుక్కు తిరగేస్తే తేలిందేమిటంటే, నిద్ర చాలని మర్నాడు, ఖాళీ కడుపుతో ఉన్నప్పుడు, సాయంత్రం కరెంటు పోయినప్పుడు ఎక్కువ. ఇన్వర్టరు పెట్టించాను. మానసిక వైద్యంలో ఇన్వర్టరు కూడా ఒక భాగమని ఎవరూ చెప్పరు.

మందులు రెండు. సెర్ట్రలిన్ అనేది పీటీఎస్‌డీకి, భయానికి. రిస్పెరిడోన్ చిన్న డోసు, గొంతుల కోసం, కొంతకాలమే అన్నారు. సెర్ట్రలిన్ లాంటి మందులు మొదలుపెట్టిన తొలి వారాల్లో కుర్రవాళ్లలో కొందరికి కుదురులేనితనం, చచ్చిపోవాలన్న ఆలోచనలు పెరగొచ్చని, కనిపెట్టి ఉండమని డాక్టరమ్మ ముందే హెచ్చరించింది. అమెరికాలో 2004 నుంచి ఈ హెచ్చరిక ఉందట. రెండో మందుకి ఆకలి విపరీతంగా పెరిగింది. అర్ధరాత్రి లేచి పెరుగన్నం తినేవాడు. బరువు పెరిగాడు. ప్రతి ఓపీలో బరువు తూచేవారు, మధ్యమధ్య షుగర్ పరీక్ష. పొద్దున వేస్తే క్లాసులో నిద్రపోతున్నాడని రాత్రికి మార్చారు. ఒకసారి మెడ బిగుసుకుని పక్కకి తిరిగిపోయింది. మళ్లీ దెయ్యమన్నారు వీధిలో. అది మందు వల్ల వచ్చేదేనని, దానికి విరుగుడు మాత్ర ఉందని తెలిసినందువల్ల మేం భయపడలేదు, ఆసుపత్రికి వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చాం.

స్కూలు గురించి క్లుప్తంగా చెబుతాను. హెడ్మాస్టరు మంచాయన. తలుపు దగ్గర బెంచీ, ఎవర్నీ అడక్కుండా బయటికెళ్లి చెట్టు కింద కూర్చునే వీలు, సోషల్ టీచరు ఒక్కరికే మొత్తం విషయం తెలియడం, ఇవన్నీ ఒప్పుకున్నారు. మెట్ల దెయ్యం అని కొందరు పిల్లలు పేరు పెట్టారు. వాడి స్నేహితుడు ఒకడు దానికి చేసిన వైద్యం ఇక్కడ రాయదగింది కాదు గానీ, ఆ పేరు ఆగిపోయింది.

నష్టపరిహారం కేసులో వాడే ప్రత్యక్ష సాక్షి. కోర్టులో చెప్పించాలని వకీలు అనుకున్నారు. సైకాలజిస్టు సార్ ఉత్తరం రాసిచ్చారు, ఇప్పుడు బోనెక్కిస్తే వెనక్కి వెళ్లిపోతాడని. ఎఫ్ఐఆర్, చార్జిషీటు, పంచనామా, ఆ రాత్రి ఆగిన ఇంకో బండతను, వీటితోనే నడిపించారు. ఇలాంటి కేసులో పిల్లల్ని లాగక తప్పదనుకునేవాళ్లు ముందు వకీలుని గట్టిగా అడిగి చూడండి.

ఏడాది నిండే వేళకి కష్టం వచ్చింది. డాక్టరమ్మ చెప్పింది, ఆ తేదీలు దగ్గర పడేకొద్దీ పెరుగుతుందని. పైగా మనకి తేదీ ఒకటి, తిథి ఒకటి, పండగ ఒకటి. వీధంతా ముగ్గులు, మాకు సంవత్సరీకం. అది చాలదన్నట్టు జనవరిలో రోడ్డు భద్రత కార్యక్రమాలుంటాయి, స్కూల్లో పెద్ద తెర మీద యాక్సిడెంటు దృశ్యాలు చూపించారు. ఆ సాయంత్రం వాడి భయం అంకె పది. రాత్రి నా పక్కకొచ్చి కూర్చుని, "బాబాయ్, మాట మారింది. వచ్చెయ్యమంటున్నాడు" అన్నాడు.

ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో ముందే కాగితం మీద రాసి బీరువా తలుపుకి లోపల అంటించి ఉంచాం. అందుకని చేతులు ఆడాయి. సూటిగా అడిగాను: "చచ్చిపోవాలనిపిస్తోందా?" అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని మనవాళ్ల భయం. పుట్టదు, మనసులో ఉన్నది బయటికొస్తుంది. అనిపిస్తోందన్నాడు. పొలం మందు డబ్బాలు అప్పటికి ఎప్పుడో మా మావయ్య వాళ్లింటికి చేర్చేశాం, మాత్రలు నా దగ్గర తాళంలోనే ఉంటాయి. ఆ రాత్రి వాణ్ని ఒంటరిగా వదలకుండా వదినా నేనూ కారులో తీసుకెళ్లిపోయాం. కారెక్కడానికే వాడికి ఎంత ధైర్యం కావలసి వచ్చిందో నాకు తెలుసు. హైవే మీద కళ్లు మూసుకుని ఇంగువ డబ్బా పట్టుకుని కూర్చున్నాడు.

చేర్చుకున్నారు. పద్దెనిమిది నిండనివాళ్లని చేర్చుకోవడానికి 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో గట్టి నియమాలున్నాయి, తెలిసుంటే బెంగ తగ్గుతుంది. ఒక్క డాక్టరు చెబితే చాలదు, ఇద్దరు విడివిడిగా పరీక్ష చెయ్యాలి. సంరక్షకులు దరఖాస్తు ఇవ్వాలి. పెద్దవాళ్ల వార్డులో కలిపి ఉంచకూడదు. మనవాళ్లు ఒకరు ఎప్పుడూ పక్కన ఉండాలి. చేర్చుకున్న 72 గంటల్లోపు, ఈ చట్టం కింద ఏర్పాటయ్యే మానసిక ఆరోగ్య రివ్యూ బోర్డుకి తెలియజేయాలి. కరెంటు షాకులు పెడతారని చుట్టాలు భయపెట్టారు. మైనర్లకి ఆ చికిత్స సంరక్షకుల సమ్మతి, బోర్డు ముందస్తు అనుమతి రెండూ లేకుండా చట్టమే ఒప్పుకోదు, అయినా మావాడి విషయంలో ఆ ప్రస్తావనే రాలేదు. వదిన వాడితోనే ఉంది. ఇన్సూరెన్సు ఉన్నవాళ్లకి ఒక మాట: ఒంటి జబ్బులకి ఎలా ఇస్తారో మనసు జబ్బులకీ అలాగే ఇవ్వాలని ఇదే చట్టం 21వ సెక్షన్‌లో ఉంది. క్లెయిము వెనక్కొస్తే ఆ సెక్షన్ రాసి మళ్లీ పంపండి.

వార్డులో ఒక పని జరిగింది, అది వదిన చేసింది. వాడు నిద్రపట్టక అటూ ఇటూ దొర్లుతుంటే, "ఆ రోజు బూట్లు కొనమని పంపింది నేనేరా, పాతవి చిరిగిపోయాయని మీ నాన్నతో నేనే చెప్పాను" అంది. అది నిజమే. అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. తనూ ఏడాదిగా అదే మోస్తోంది.

ఇంటికొచ్చాక సైకాలజిస్టు సార్ అసలు పని మొదలుపెట్టారు. అంతవరకూ చేసిందంతా దానికి సిద్ధం చెయ్యడమేనట. ఆ రాత్రిని మొదటి నుంచి చివరిదాకా కొద్దికొద్దిగా చెప్పించడం, రాయించడం. ఒక రోజు కాగితం మీద గుండ్రం గీసి, నాన్న చనిపోవడానికి కారణమైన ప్రతిదానికీ ఇందులో ఒక ముక్క ఇవ్వమన్నారు. వాడు మొదట గుండ్రమంతా తనకే ఇచ్చుకున్నాడు. తర్వాత వారాల తరబడి ముక్కలు మారుతూ వచ్చాయి. లైట్లు లేకుండా లారీ ఆపిన డ్రైవరు. వెనక మెరిసే స్టిక్కర్లు కూడా వేయించని ఓనరు. వీధి దీపాలు లేని రోడ్డు. చలికాలపు పొగమంచు. బూట్లకి చివరికి మిగిలింది పెన్సిలు గీతంత. ఆ గీత కూడా చెరిపెయ్యమని నేనంటే సార్ ఆపారు, వాడి గుండ్రం వాడిది అన్నారు.

పక్కనే ఇంకో సాధన: స్టాండు వేసిన బండి మీద కూర్చోవడం, పెట్రోలు బంకు దాకా నడవడం, సర్వీసు రోడ్డు మీద పగటిపూట వెనక కూర్చోవడం, బస్సులో ఆ చోటు దాటడం. ఒక్కోటీ భయం అంకె సగానికి దిగేదాకా చేసి గానీ తర్వాతదానికి పోకూడదు. బస్సులో ఆ చోటు దాటుతుంటే కిటికీ పక్కన వాడు కూర్చుంటానన్నాడు. దాటాక నా వైపు తిరిగి, "ఏముంది బాబాయ్, టీ కొట్టు పెట్టారక్కడ" అన్నాడు.

గొంతు పూర్తిగా పోయిందా అని అందరూ అడుగుతారు. పోలేదు. నెలలో ఎప్పుడైనా ఒకసారి వస్తుంది. లేటు సంగతి ఎత్తడం మానేసిందట. పేరు పెట్టి పిలిచి ఊరుకుంటుందట, భయం రెండో మూడో. మెట్ల దగ్గర మనిషి కనబడటం మానేసి చాలా కాలమైంది. పదో తరగతి ఆ ఏడు రాయలేదు, మరుసటి ఏడు రాసి పాసయ్యాడు. ఇప్పుడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. సెలవుల్లో మా షాపులో కూర్చుని, ట్రాక్టరు ట్రాలీలు తోలేవాళ్లు ఎవరొచ్చినా వెనక మెరిసే టేపు వేయించారా లేదా అని నిలదీస్తాడు. నా బేరాలు పోతున్నాయి గానీ ఏమీ అనను.

రిస్పెరిడోన్ మెల్లగా తగ్గిస్తూ ఆపేశారు. సెర్ట్రలిన్ కూడా వచ్చే సెలవుల్లో తగ్గించడం మొదలుపెడదామంటోంది డాక్టరమ్మ, పరీక్షల ముందు వద్దని. మా అమ్మకి ఇది నచ్చలేదు. ఒకప్పుడు మాత్రలెందుకని పోట్లాడిన మనిషి, ఇప్పుడు బాగున్నవాడికి మాత్ర ఆపడమేంటని గొడవ. వచ్చే ఓపీకి తనూ వస్తానంటోంది. డాక్టరమ్మతో తనే మాట్లాడుతుందట, మధ్యలో మమ్మల్ని నోరు తెరవొద్దంది.